'వారు' అని రాసుకునే పిల్లలు

పదో తరగతి తెలుగు నోట్సుల్లో రంజాన్ వ్యాసం ఇంచుమించు ఇలా మొదలవుతుంది: "ముస్లిం సోదరులు భక్తిశ్రద్ధలతో జరుపుకొనే పండుగ రంజాన్. ఈ మాసమంతా వారు కఠోర ఉపవాస దీక్ష పాటిస్తారు. వారు పేదలకు దానధర్మాలు చేస్తారు."

ఇందులో అబద్ధం లేదు. ద్వేషం లేదు. కావలసినంత మర్యాద ఉంది. కానీ దీన్ని రాస్తున్న కుర్రాడు ముస్లిం. తెల్లవారుజామున సహరీకి లేచి, రోజా ఉండి, ఎండిన నాలుకతో పరీక్ష హాల్లో కూర్చున్నాడు. కూర్చుని "వారు ఉపవాసం ఉంటారు" అని రాస్తున్నాడు. మరి ఆ 'వారు' ఎవరు?

గుంటూరులో ఏళ్ల తరబడి తెలుగు పాఠాలు చెబుతూ ఈ వ్యాసాన్ని కొన్ని వందల సార్లు దిద్దాను. రాసిన వాళ్లలో కరీములు, సైదులు, నాగూర్‌బీలు ఎందరో ఉన్నారు. 'మేం' అని రాసిన వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. సంక్రాంతి వ్యాసంలో ఈ ఇబ్బంది ఎవరికీ రాదు. అది 'మన పండుగ', 'తెలుగువారి పెద్ద పండుగ'. 'హిందూ సోదరులు జరుపుకొనే సంక్రాంతి' అని ఏ నోట్సులోనూ ఉండదు. సోదరుడు అని ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చిందంటే, ఆ మనిషి పంక్తిలో లేడనీ, పిలిచి కూర్చోబెడుతున్నామనీ అర్థం. పైగా సోదరులే గాని సోదరీమణులు లేరు. అందరికన్నా ముందు లేచి పొయ్యి వెలిగించే అమ్మ ఆ వ్యాసంలో ఎక్కడా కనిపించదు.

ఇది ఒక్క రంజాన్ వ్యాసం గొడవ కాదు. మన బళ్లలో వ్యాసం రాయడం నేర్పే పద్ధతి గొడవ. ఆ పద్ధతిని విమర్శకు పెట్టకుండా పాఠ్యపుస్తకంలో ఇంకో ముస్లిం పాఠం చేర్చమని అడిగితే ఒరిగేది కొంచెమే.

ఆ పద్ధతి ఏమిటి? మాస్టారు బల్ల మీద విషయం రాస్తారు. దాని కింద వరసగా: ఉపోద్ఘాతం, ప్రాముఖ్యం, లాభాలు, నష్టాలు, నివారణ మార్గాలు, ముగింపు. ఉపశీర్షికల కింద గీత గీయాలి. మధ్యలో రెండు సూక్తులు పెట్టాలి. మిగతాది గైడులో ఉంటుంది. పిల్లవాడికి మిగిలే పని రెండే. కంఠతా పట్టడం, దస్తూరి బాగుండేలా చూసుకోవడం. పేపర్లు దిద్దే చోట ఒక్కో జవాబుకు దొరికే సమయం ఎంతో మాకు తెలుసు. కన్ను ఉపశీర్షికల మీద పరిగెడుతుంది. గీతలు కనబడితే మార్కులు పడతాయి. కాబట్టి తప్పంతా మాస్టారిదే అనలేం. కానీ ఇందులో రాత ఉంది, రచన లేదు.

విషయాలు చూడండి. వరకట్నం, జనాభా సమస్య, నిరుద్యోగం, కాలుష్యం, జాతీయ సమైక్యత. ఈ సమస్యలన్నిటి మధ్యా బతుకుతున్న పిల్లవాడు వాటి గురించి మంత్రిగారిలా రాస్తాడు. "ప్రభుత్వం తగిన చర్యలు చేపట్టాలి. ప్రజల్లో చైతన్యం రావాలి." ఆ ప్రజల్లో తాను లేడు. జాతీయ సమైక్యత వ్యాసంలో ముస్లిం జాబితాలో ఒక పేరు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అన్నదమ్ముల్లా కలిసి ఉన్నారన్న ఒక్క వాక్యంతో పని అయిపోతుంది. జనాభా వ్యాసంలోకి వచ్చేసరికి 'కొన్ని మతాల మూఢనమ్మకాలు' అన్న మాట వస్తుంది. ఆ మాట చదివినప్పుడు క్లాసులో నలుగురు వెనక్కి తిరిగి చూస్తారు. ఎవరి వైపు చూస్తారో చెప్పనక్కర్లేదు. ఆ చూపు పడిన పిల్ల కూడా పరీక్షలో అదే మాట రాయాలి. రాస్తుంది. మార్కులు తెచ్చుకుంటుంది.

ఇక్కడ కొంత చరిత్ర చెప్పుకోవాలి. తెలుగు విద్యార్థి ఏ భాషలో వ్యాసం రాయాలన్నది ఒకప్పుడు రాష్ట్రాన్ని కుదిపిన వివాదం. వ్యావహారిక భాషోద్యమం అని మనం గొప్పగా చెప్పుకునేది చాలావరకు విద్యార్థి కాంపోజిషన్ చుట్టూ నడిచిన పోరాటమే. బళ్ల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ఒక పక్క. జయంతి రామయ్య పంతులు, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు మరో పక్క. పిల్లలు తాము మాట్లాడే భాషకు దగ్గరి భాషలో రాయవచ్చా, లేక చిన్నయసూరి వ్యాకరణానికి లోబడే రాయాలా అన్నది తగవు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన కాంపోజిషన్ సంఘంలో మెజారిటీ గ్రాంథికం వైపు మొగ్గింది. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం సమర్పించారు. 1915లో కన్నుమూశారు. అప్పటికి గెలిచింది గ్రాంథికవాదులే. బళ్లూ కాలేజీలూ వ్యావహారికాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవడానికి ఇంకో అర్ధశతాబ్దం పైనే పట్టింది.

చివరికి భాష గెలిచింది. కానీ ఆ పోరాటంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. పిల్లవాడు తన భాషలో రాయవచ్చు, సరే. తన సంగతి రాయవచ్చా? తన ఇంటి మాట వ్యాసానికి తగిన మాటేనా? గ్రాంథికం పోయి వ్యావహారికం వచ్చినా, వ్యాసంలో మాట్లాడే గొంతు మారలేదు. 'రాసెదరు' పోయి 'రాస్తారు' వచ్చింది. ఎవరు రాస్తారన్నది అలాగే ఉంది.

గుంటూరు వాళ్లకు ఈ ప్రశ్న సులభంగా తట్టదు. ఎందుకంటే ప్రామాణిక తెలుగు అంటూ వచ్చింది చాలావరకు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో చదువుకున్న వాళ్ల తెలుగే. తెలంగాణ వాళ్లు నిలదీశారు. రాయలసీమ, ఉత్తరాంధ్ర వాళ్లు నిలదీశారు. మనకేం, మన భాషే పుస్తక భాష అనుకున్నాం. కానీ గుంటూరులో ఎవరి భాష? ఆనందపేటలో, పొన్నూరు రోడ్డులో ఇళ్లలో ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు. వాళ్లకు బడి తెలుగు రెండో భాష. పల్లెల్లో నూర్‌బాషాలున్నారు. దూదేకులవాళ్లని పిలిచే ఈ జనం ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారు. వాళ్లకు దొరికే మెప్పు ఏమిటి? "సాయిబులైనా తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారు!" తల్లి భాష మాట్లాడినందుకు మెచ్చుకోలు! అటు ఉర్దూ మాట్లాడే ముస్లింలు "ఉర్దూ రాని మీరేం సాయిబులు" అంటారు. రెండు వైపులా గుమ్మం బయటే.

మాటల సంగతి చూస్తే ఇంకా విచిత్రం. పరీక్ష హాల్లో పిల్లవాడు హాజరు పలుకుతాడు. కాగితం మీద తారీఖు వేస్తాడు. కలంతో జవాబు రాస్తాడు. జిల్లా పేరు రాస్తాడు. రైతు దేశానికి వెన్నెముక అని రాస్తాడు. హాజరు, కాగితం, తారీఖు, కలం, జవాబు, జిల్లా, రైతు. ఇవన్నీ అరబీ ఫారసీల నుంచి తెలుగులోకి వచ్చి తెలుగైపోయిన మాటలే. వీటి కింద ఎవరూ ఎర్ర గీత గీయరు. అదే పిల్లవాడు 'దువా' అనో, 'సహరీ' అనో, 'ఫాతెహా' అనో రాస్తే మాత్రం గీత పడుతుంది. పక్కన 'ప్రార్థన' అని దిద్దుతారు. తెలుగు ఆ మాటలను భరించలేక కాదు. ఏడు మాటలు మోసిన భాషకు ఎనిమిదో మాట బరువా? దఫ్తరు మాటలు లోపలికి వచ్చాయి, వంటింటి మాటలు బయట ఉండిపోయాయి. అంతే తేడా.

వ్యాసం అన్న ప్రక్రియ పుట్టుకలో ఈ సంకుచితం లేదు. 1580లో ఫ్రాన్సులో మాంటేన్ తన రచనలకు పెట్టిన పేరుకు అర్థం 'ప్రయత్నాలు' అని. తనకు తెలిసింది చెప్పడం కాదు, తానేం అనుకుంటున్నాడో రాస్తూ తెలుసుకోవడం. ఆ ఒరవడి ఇంగ్లండు చేరి 'స్పెక్టేటర్' పత్రికగా మారింది. అక్కడి నుంచి మన దేశానికి రెండు దారుల్లో వచ్చింది. సర్ సయ్యద్ అహమ్మద్ ఖాన్ ఇంగ్లండు వెళ్లి వచ్చి, 1870లో అలాంటి పత్రికల నమూనాతోనే 'తహ్‌జీబుల్ అఖ్లాఖ్' మొదలుపెట్టారు. ఉర్దూలో మజ్మూన్ అనే వ్యాసం అక్కడ కాళ్లు ఊనుకుంది. ఆ తర్వాత తెలుగులో పానుగంటి లక్ష్మీనరసింహారావు అదే 'స్పెక్టేటర్' స్ఫూర్తితో 'సాక్షి' వ్యాసాలు రాశారు. అంతకు ముందే, 1862లో అచ్చయిన స్వామినీన ముద్దునరసింహం 'హితసూచని' తన వ్యాసాలను 'ప్రమేయములు' అంది. గుంటూరు ముస్లిం పిల్లవాడికి న్యాయంగా రెండు వైపుల నుంచీ వారసత్వం ఉంది, మజ్మూనూ వ్యాసమూ. బడి అతనికి రెండూ ఇవ్వలేదు. గైడు ఇచ్చింది.

మరి నేర్పవలసింది ఏమిటి? గొప్ప సిద్ధాంతం అక్కర్లేదు. ఒక ఉదాహరణ చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలకు 'మిరప' అన్న విషయం ఇచ్చాం. ఆసియాలో పెద్దదిగా పేరుపడ్డ మిర్చి యార్డు ఉన్న ఊరు కదా, గైడులో లేకపోయినా రాయగలరని. మొదటి రోజు వచ్చినవన్నీ ఒకలాంటివే. "మన రాష్ట్రంలో పండే వాణిజ్య పంటలలో మిరప ముఖ్యమైనది." అప్పుడు ఒక్క పని చెప్పాం. ఇంటికి వెళ్లి మిరపతో పని ఉన్న ఒక్క మనిషిని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకు రమ్మన్నాం.

ఒక అమ్మాయి వాళ్లమ్మను అడిగింది. ఆమె మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళుతుంది. కిలో లెక్కన కూలి. టిక్కీలు విప్పి కుప్ప పోస్తారు. చుట్టూ కూర్చుని తొడిమ తీసి, తాలు కాయలు వేరు చేయాలి. ఘాటుకు ముక్కులు కారతాయి. గోళ్ల సందులు మండుతాయి. ఆ అమ్మాయి కాగితం మీద ఒక వాక్యం ఉంది: "పొద్దున నమాజుకు వజూ చేసేటప్పుడు నీళ్లు తగిలితే అమ్మ చేతులు మళ్లీ మండుతాయి, ఆ చేతులు ముఖానికి తగిలితే కళ్లు మండుతాయి." అంతకుముందు రాసిన రెండు పేజీల వాణిజ్య పంటలో లేనిది ఈ ఒక్క వాక్యంలో ఉంది.

కానీ వ్యాసం ఇక్కడితో అయిపోలేదు. నేర్చుకోవడం మొదలయ్యింది ఇక్కడే. తొడిమ ఎందుకు తీయాలి అని అడిగాం. ఆమెకు తెలియదు. మళ్లీ వెళ్లి అడిగి వచ్చింది. ఎగుమతికీ కారం మిల్లులకూ తొడిమ లేని కాయ కావాలి, దానికి ధర ఎక్కువ. అయితే ఆ ఎక్కువ ధరలో తొడిమ తీసిన చేతికి ఎంత వస్తోంది? ఈ ప్రశ్న ఆ అమ్మాయే వేసుకుంది. రెండో ప్రతిలో "కూలీలు కష్టపడతారు, వారు..." అని మళ్లీ గైడు గొంతు వచ్చింది. 'వారు' ఎవరని పక్కన కూర్చున్న పిల్లే అడిగింది. మూడో ప్రతిలో 'మా అమ్మ' అయ్యింది. గైడులో మొదటి వాక్యంగా ఉన్న వాణిజ్య పంట సంగతి ఇప్పుడు నాలుగో పేరాకు వెళ్లింది. అక్కడ దానికి పని ఉంది, ఎందుకంటే అప్పటికి ఆ వాణిజ్యం ఎవరి చేతుల మీదుగా నడుస్తోందో చదివేవాళ్లకు తెలిసింది.

'వజూ' అన్న మాట మీద క్లాసులో చర్చ జరిగింది. మాకు అర్థం కాలేదన్నారు కొందరు. తీసేయమని ఎవరూ అనలేదు. నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కోవడం అని ఆ అమ్మాయి చెప్పింది. వ్యాసంలో పెట్టాలా వద్దా? సంక్రాంతి వ్యాసం రాసేవాళ్లు గొబ్బెమ్మ అంటే ఏమిటో చెప్పరు కదా అన్నాడో కుర్రాడు. అతను ముస్లిం కాదు. చివరికి ఆ అమ్మాయి వివరణ పెట్టలేదు. నీళ్లు, చేతులు, ముఖం ఆ వాక్యంలోనే ఉన్నాయి, తెలిసిపోతుంది అంది. ఎవరికోసం రాస్తున్నాం, ఎంతవరకు విప్పి చెప్పాలి, ఎక్కడ చదివేవాడి తెలివికి వదిలేయాలి అన్నది ఏ రచయితకైనా పెద్ద ప్రశ్న. మైనారిటీ రచయితకు రోజూ ఎదురయ్యే ప్రశ్న. తొమ్మిదో తరగతిలో ఆ పిల్లలు దాన్ని తేల్చుకోగలిగారు.

అడగడం, ఏరుకోవడం, ఒక చిత్తుప్రతి, దాని మీద ప్రశ్నలు, మళ్లీ రాయడం. వ్యాసరచన అంటే ఇదే. గైడు చెరిపేసింది ఈ నడిమి పనినే. గైడులో చిత్తుప్రతి ఉండదు. ముందే పూర్తయిన వ్యాసం ఉంటుంది. ముందే పూర్తయిన వ్యాసంలో రాసేవాడి చోటు కూడా ముందే తేలిపోతుంది. సంఖ్యలో ఎక్కువైన వాళ్ల పిల్లలకు ఆ వ్యాసం నిస్సారంగా ఉంటుంది, కానీ అందులో వాళ్లు 'మనం'. ముస్లిం పిల్లలకు అది నిస్సారమూ, పరాయిదీ. 'వారు' పోయి 'మేం' వచ్చేది చిత్తుప్రతికీ రెండో ప్రతికీ మధ్యనే. ఆ మధ్య కాలాన్ని బడి ఇవ్వకపోతే ఆ మాట రాదు.

పత్తి వ్యాసం కూడా ఇలాంటిదే. గుంటూరు, ప్రకాశం జిల్లాల నోట్సుల్లో పత్తి 'తెల్ల బంగారం'. 1987-88లో ఈ జిల్లాల్లోనే తెల్లదోమ పంటను ఊడ్చేసి, అప్పుల్లో కూరుకుపోయిన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ సంగతి వ్యాసంలో లేదు. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టిన నూర్‌బాషాలు అసలే లేరు. బంగారం ఉంది, మనుషులు లేరు.

ఆ మనుషుల్లోంచి వచ్చినవాడే బుర్రకథ పితామహుడు షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టాడు. 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. 1997లో పోయాడు. తన జీవితాన్ని ఆయన చెబుతుంటే అంగడాల వెంకటరమణమూర్తి అక్షరబద్ధం చేశారు. ఆ పుస్తకం పేరు 'పింజారి'. తెలుగులో తిట్టుగా వాడే మాట అది. ఆ మాటనే తన పుస్తకానికి పేరుగా నిలబెట్టాడు. రచన ముందు నోటి మాట అనీ, మాట చెప్పగలిగిన ప్రతి ఇంట్లోనూ వ్యాసానికి ముడిసరుకు ఉందనీ ఆ పుస్తకం చెబుతోంది. వ్యాసరచన నేర్పే ప్రతి మాస్టారి బల్ల మీదా అది ఉండాలి.

సెక్యులర్ మిత్రులు కొందరు అడుగుతారు: "వ్యాసంలోకి మతం ఎందుకు? పిల్లలందరూ ఒకటే కదా?" పిల్లలందరూ ఒకటే అయితే అందరూ 'మేం' అని రాయగలగాలి. ఇప్పుడు రాయలేకపోతున్నారు. గుంటూరు జనం ఈ విషయంలో పుస్తకాల కన్నా ముందున్నారు. కాలే మస్తాన్‌షా దర్గాకు వెళ్లి మొక్కుకుని బిడ్డకు మస్తాన్‌రావు అనీ, మస్తానమ్మ అనీ పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలు జిల్లా అంతటా ఉన్నాయి. హాజరు పట్టీలో ఆ పేరు ఉంది. వ్యాసంలో మాత్రం 'మతసామరస్యం' అన్న పొడి మాట ఉంది. మస్తాన్‌రావు తన పేరు కథ రాస్తే సామరస్యం అన్న మాట ఎత్తకుండానే ఆ వ్యాసం అయిపోతుంది.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి. ముస్లిం రచయితల వ్యాసాల్లోనూ ఒక నమూనా స్థిరపడింది. మొదట గాయం, తర్వాత స్వాతంత్ర్యోద్యమంలో త్యాగాల జాబితా, చివర దేశభక్తికి పూచీకత్తు. ఆ చరిత్ర అవసరం లేదనడం లేదు. సయ్యద్ నశీర్ అహమ్మద్ వంటివారు శ్రమించి దాన్ని పుస్తకాలకు ఎక్కించారు. ఆ పని విలువ తగ్గదు. కానీ ప్రతి వ్యాసమూ వాంగ్మూలంలా నడవాలా? రుజువు చూపమని అడగడాన్నే ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ'లో నిలదీశాడు. 1998లో 'జల్‌జలా' వచ్చేసరికి ఎన్నో గొంతులు కలిశాయి. ఇదంతా ముందు కవిత్వంగానే ఎందుకు వచ్చింది? నాకు తోచే కారణం ఒకటి. కవిత్వంలో 'నేను' అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వ్యాసంలో మాత్రం 'నేను' తప్పు అని మనకు బడిలోనే నేర్పారు. ఆ పాఠం మర్చిపోవడానికి ఒక తరం పట్టింది. మన పిల్లలకు కూడా జాబితా వ్యాసాలే ఇస్తే, అది పచ్చ అట్ట వేసిన మరో గైడు అవుతుంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదనలేం. 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక తర్వాత వచ్చిన తెలుగు వాచకాల్లో 'వ్యక్తీకరణ - సృజనాత్మకత' అన్న భాగం పెట్టారు. ఆలోచన మంచిదే. కొద్ది కాలంలోనే సృజనాత్మకతకూ గైడులో జవాబులు వచ్చాయి. 'మీ సొంత మాటల్లో రాయండి' అన్న ప్రశ్న కింద అచ్చయిన సొంత మాటలు! 2019లో ప్రభుత్వ బళ్లన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చే ఉత్తర్వు వచ్చింది. 2020లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. మీడియం ఏదైనా కావచ్చు, ఆ తగవు వేరు. కంఠతా పట్టిన 'వారు' ఇంగ్లీషులోకి మారితే 'మేం' అయిపోదు.

అడిగేది చిన్నదే. ఏడాదికి ఒక్క వ్యాసమైనా గైడులో లేని విషయం మీద, ఇంట్లో ఒకరిని అడిగి, రెండు మూడు సార్లు తిరగరాసే వీలుతో రాయించండి. ఎర్ర సిరాతో మాట కొట్టేసే ముందు ఆ మాట ఎవరిదో అడగండి. ముస్లిం తల్లిదండ్రులు కూడా పిల్లలు అడిగినప్పుడు "మన సంగతులు బడిలో ఎందుకులే" అనకండి. చెప్పండి. అమ్మ చేతుల మంటా, నాయన విల్లూ, నానీ దువా తెలుగు వ్యాసానికి పనికిరాని సరుకు కాదు. అవి రాకుండా గుంటూరు గురించి రాసిన ఏ వ్యాసమైనా సగమే. మిగతా సగం ఇంకా ఎవరూ దిద్దని చిత్తుప్రతిగా మన పిల్లల దగ్గరే ఉంది.